సర్కారు భూమి ఊరి చేతికి: ఏ దారిలో అడిగితే మేలు?

బైపాస్ పక్కన 12 ఎకరాల సర్కారు భూమి. అడంగల్‌లో (రెవెన్యూ భూముల లెక్కలో) అనాధీనం, అంటే ఎవరికీ కేటాయించనిది, అని ఉంటుంది. నేల మీద చూస్తే సర్కారు తుమ్మ, రెండు ఇటుకబట్టీలు, ఒక మూల ఎవరో కట్టిన గుడి అరుగు. కౌన్సిల్ సమావేశం జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి, ఆ భూమి మనకిప్పిస్తే మార్కెట్ కడదాం, లారీల అడ్డా పెడదాం, నలుగురికి పని దొరుకుతుంది అంటారు. తీర్మానం రాస్తారు, కలెక్టరుకు పంపుతారు. అందులో ‘సదరు భూమిని మున్సిపాలిటీకి కేటాయించవలసిందిగా’ అనే ఒక్క వాక్యమే ఉంటుంది. ఏ రకంగా కేటాయించాలో ఉండదు. తర్వాత పడే తిప్పలు చాలావరకు ఆ రాయని మాట దగ్గరే మొదలవుతాయి.

సర్కారు భూమి పంచాయతీ చేతికో మున్సిపాలిటీ చేతికో రావడానికి మన రెండు రాష్ట్రాల్లోనూ దారులు ప్రధానంగా నాలుగు. పోరంబోకు (పట్టా ఇవ్వకుండా ఉమ్మడి అవసరాలకు వదిలిన సర్కారు నేల) మీద పంచాయతీకి చట్టమే ఇచ్చిన హక్కు ఒకటి. ఎలియనేషన్, అంటే సొంతానికి బదలాయింపు రెండోది. లీజు మూడోది. నాలుగోదాంట్లో భూమి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకో పట్టణాభివృద్ధి సంస్థకో పోతుంది, మీకు పన్నులో వాటా దక్కుతుంది. నాలుగింటినీ ఊళ్ళో ‘భూమి వచ్చింది’ అనే చెప్పుకుంటారు. కానీ మూడు ప్రశ్నలు వేసి చూడండి. ఆ భూమి మీద ఒప్పందానికి సంతకం ఎవరిది? వచ్చే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? రోడ్డు, కాలువ, కరెంటు స్తంభాల ఖర్చు ఎవరి నెత్తిన? నాలుగు దారులూ నాలుగు జవాబులు చెబుతాయి. నా మటుకు నేను ఎకరాల కన్నా ముందు ఈ మూడే అడుగుతాను.

ఒక మాట పక్కన పెట్టి ముందుకు పోదాం. రాజ్యాంగం 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో మూడో అంశం ఆర్థిక, సామాజికాభివృద్ధి ప్రణాళిక. అది మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పని. భూమి మాత్రం రాష్ట్ర జాబితాలో 18వ అంశంగా అలాగే ఉంది. పని మనది, నేల వాళ్ళది. అందుకే ఈ అడగడమంతా.

ముందు ఆ నేల ఏమిటో తేల్చుకోండి

దారి ఎంచుకోవడం కన్నా ముందు చేయాల్సిన పని ఇది. తహసీల్దారు కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నాటి భూముల రిజిస్టరు), అడంగల్, ఎఫ్‌ఎంబీ (కొలతల పటాల పుస్తకం) నకళ్ళు తీయించండి. తెలంగాణలో అయితే సేత్వార్ (పాత సర్వే రికార్డు), పాత పహాణీలు (ఏటా రాసే సాగు లెక్క). ఒక్క కంప్యూటర్ ప్రింటు చూసి సంతోషపడొద్దు. తెలంగాణలో భూరికార్డుల వెబ్‌సైటు ధరణి 2020 అక్టోబరులో మొదలై, 2025 ఏప్రిల్‌లో భూభారతికి చోటిచ్చింది. తెర మీద కనిపించే వివరం మారుతుంటుంది, పాత రికార్డులో రాసిన వర్గీకరణే కోర్టులో అడుగుతారు.

చెరువు, కుంట, వాగు పోరంబోకు అయితే అక్కడితో వదిలేయండి. చెరువుల్ని ఇళ్ళ స్థలాలకు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి ఊరికి తిరిగి అప్పగించమని అన్ని రాష్ట్రాలకూ ఆదేశమిచ్చింది. ‘ఇప్పుడు అందులో నీళ్ళెక్కడున్నాయి’ అన్న వాదన నిలవదు. నిలిచినా, పెద్ద వాన పడిన ఏడు ఆ నీళ్ళే వచ్చి జవాబు చెబుతాయి.

కంచ, మేత పోరంబోకు, గుట్ట అయితే తొందరపడొద్దు. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల విషయంలో ప్రభుత్వం హక్కు పత్రాల కేసును ఏళ్ళ తరబడి పోరాడి గెలిచింది. భూమి పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ చేతికి వచ్చింది. అయినా 2025 ఏప్రిల్‌లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపేసింది. హక్కు గట్టిగా ఉంటే చాలదు, నేల మీద ఏముందో కూడా చూస్తారు.

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది మనుషులున్న భూమి. కాగితం మీద ఖాళీగా ఉన్న సర్కారు భూమిలో డి-ఫారం పట్టాలు (సర్కారు భూమిని సాగుకిస్తూ రాసిచ్చే పట్టాలు) పుచ్చుకున్న పేదలు కందో ఆముదమో వేసుకుని ఉంటారు. శివాయి జమా కింద, అంటే పట్టా లేకుండానే, దున్నుకునేవాళ్ళుంటారు. డి-ఫారం పట్టా ఇచ్చిన ఇలాంటి అసైన్డ్ భూమిని ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే అసైనీకి కూడా మార్కెట్ విలువ లెక్కన పరిహారం ఇవ్వాలని ఉమ్మడి హైకోర్టు 2004లో మేకల పాండు కేసులో చెప్పింది. కాబట్టి ‘ఉచితంగా వచ్చింది’ అనుకున్న భూమికి అసలు ధర ఇక్కడ బయటపడుతుంది. తహసీల్దారు మనుషులు వచ్చి నేల చూసి రాసే పంచనామా రోజు మీ మనిషి ఒకడు అక్కడ ఉండాలి. సాగులో ఎవరున్నారో ఫొటోలతో సహా రాయించాలి. ఆ రోజు ‘ఖాళీ’ అని రాయించుకుని మురిసిపోయిన స్థానిక సంస్థలు తర్వాత ఏళ్ళకేళ్ళు కోర్టు వాయిదాలకు తిరిగాయి.

ఏజెన్సీ ప్రాంతమైతే లెక్కే వేరు. గిరిజన ప్రాంతాల భూబదలాయింపు మీద 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, దాని మీద 1997 జులైలో వచ్చిన సుప్రీంకోర్టు సమత తీర్పు కలిసి, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడానికి తలుపు మూసేశాయి. ప్రభుత్వమైనా సరే, వ్యక్తి కిందే లెక్క అన్నది ఆ తీర్పు. అక్కడ పీసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం ప్రకారం గ్రామసభ, గిరిజన సహకార సంఘాలు, ప్రభుత్వ రంగ సంస్థలు తప్ప వేరే దారి వెతకొద్దు. కింద చెప్పేదంతా మైదాన ప్రాంతానికే.

పోరంబోకు హక్కు: చిన్నదే, చేతిలో ఉన్నది

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో 58వ సెక్షన్ చాలామంది సర్పంచులు చదవని సెక్షన్. మేత బయళ్ళు, కళ్ళాలు, శ్మశానాలు, మందబయళ్ళు, బండ్ల దారులు, తోపులు, ఇలాంటి పోరంబోకుల్లో ప్రభుత్వానికి ప్రత్యేకంగా అక్కర లేనివి గ్రామ పంచాయతీకి చెందుతాయని అందులో ఉంది. ఎవరికీ అర్జీ పెట్టక్కర్లేదు, మార్కెట్ విలువ కట్టక్కర్లేదు. అయితే అదే సెక్షన్ ప్రకారం ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు. ఇచ్చిన చేత్తోనే లాక్కునే వీలున్న హక్కు కాబట్టి దీని మీద పక్కా భవనాలకు, బ్యాంకు అప్పులకు పోవద్దు.

ఆర్థికాభివృద్ధి అనగానే ఫ్యాక్టరీ గొట్టం కనిపించాలని మనవాళ్ళకు ఒక పట్టుదల. వారపు సంత నడిచే చోట నాలుగు రేకుల షెడ్లు, నీళ్ళ తొట్టి, రెండు మరుగుదొడ్లు, రాత్రికి దీపాలు ఏర్పాటు చేస్తే ఆశీలు పాట (సంత రుసుము వసూలు హక్కుకు వేలం) రెండేళ్ళలో పెరుగుతుంది. చుట్టుపక్కల ఆరేడు ఊళ్ళ కూరగాయల రైతులూ మేకల బేరగాళ్ళూ అక్కడికే వస్తారు. చింతతోపు పాట, గడ్డి పాట వీటికి తోడు. చిన్న పంచాయతీకి నా సలహా ఇదే. పెద్ద భూమి అడిగే ముందు ఉన్న పోరంబోకుకు హద్దురాళ్ళు పాతించుకోండి.

డబ్బు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు 2021 నుంచి 2026 వరకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసినవి. మిగిలిన దాంట్లోనే మీరు భూమిని చదును చేయించాలి. అలాంటి ఖాతాతో 20 ఎకరాలు తెచ్చుకోవడం ఏనుగును తోలుకొచ్చి మేత కోసం వెతుక్కోవడమే.

ఎలియనేషన్: గట్టి దారి, కానీ కాగితం చూసి

పాత మద్రాసు కాలం నుంచి నడుస్తున్న రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్లలో 24వది, తెలంగాణ ప్రాంతంలో 1975 నాటి ఎలియనేషన్ రూల్స్, వాటి మీద 2012 సెప్టెంబరు 14న వచ్చిన భూకేటాయింపు విధానం జీవో 571. ఈ మూడూ తెలిసిన గుమాస్తా ఒకరు మీ దగ్గరుంటే సగం పని అయినట్టే. మామూలు నియమం, మార్కెట్ విలువ కట్టించుకుని ఇవ్వడం. ఆదాయం రాని ప్రజావసరానికైతే స్థానిక సంస్థలు ఉచితంగా అడిగే వీలుంది. ఇరకాటం ఇక్కడే. ఉచితంగా కావాలంటే ‘ఆదాయం రాదు’ అని చెప్పాలి. ఆర్థికాభివృద్ధికి కావాలంటే ఆదాయం రావాలి.

చాలామంది ఈ ఇరకాటాన్ని అబద్ధంతో దాటుతారు. బస్టాండు అనో పార్కు అనో ఉచితంగా తెచ్చుకుని, ముందు భాగంలో దుకాణాలు కడతారు. ఎలియనేషన్ ఉత్తర్వులో ‘ఏ పనికి ఇచ్చామో ఆ పనికే వాడాలి, లేకుంటే వెనక్కి తీసుకుంటాం’ అనే షరతు ఉంటుంది. పదేళ్ళ తర్వాత ఆడిట్‌కు వచ్చినవాళ్ళో, పాటలో దుకాణం దక్కని ఒక పోటీదారో ఆ షరతు పట్టుకుంటారు. దానికన్నా నిజం చెప్పి బేరమాడటం మేలు. ‘రైతుబజారు, శీతల గిడ్డంగి, లారీల నిలుపుదల, వాటికి అనుబంధంగా దుకాణాల లీజు’ అని ఉద్దేశం వెడల్పుగా రాయించుకుని, మార్కెట్ విలువలో రాయితీనో వాయిదాల పద్ధతినో అడగండి. ఉద్దేశం రాసిన ఒక్క వాక్యమే రాబోయే ముప్ఫై ఏళ్ళు మీ చేతులు కట్టేయొచ్చు, వదలొచ్చు.

ఫైలు నడిచే దారి తెలిసిందే. మీ తీర్మానం, తహసీల్దారు పంచనామా, స్కెచ్, అభ్యంతరాలు పిలిచే ఏ-1 నోటీసు, ఆర్డీవో, కలెక్టరు, సీసీఎల్‌ఏ (రాష్ట్ర భూపరిపాలన ప్రధాన కమిషనర్), చివరికి ప్రభుత్వం. ఆలస్యమవుతుందని మధ్యలో కలెక్టరు ‘అడ్వాన్స్ పొసెషన్’, అంటే ముందస్తు స్వాధీనం, ఇస్తారు. ఊళ్ళో పండగ చేస్తారు, శంకుస్థాపన రాయి వేస్తారు. నేను చూసిన ఒక చిన్న మున్సిపాలిటీలో ఆ రాయి వేసి పదిహేనేళ్ళు దాటింది. కూరగాయల మార్కెట్ కట్టారు, నడుస్తోంది కూడా. తుది ఉత్తర్వు మాత్రం రాలేదు. భూమి ఇంకా సర్కారు పేరునే ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో ఉంది. ఏడాది దాటిన ఏ లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, సబ్‌రిజిస్ట్రార్ ఏమో చేయడు. దాంతో దుకాణాలన్నీ 11 నెలల కాగితాల మీద నడుస్తున్నాయి. 11 నెలల కాగితం చూసి శీతల గిడ్డంగి కట్టేవాడెవడు? అక్కడ గిడ్డంగి రాలేదు, రాదు కూడా.

కాబట్టి ఎలియనేషన్ దారి పట్టేవాళ్ళు అడ్వాన్స్ పొసెషన్‌ను సగం దారిగానే చూడాలి. తుది ఉత్తర్వు, రెవెన్యూ రికార్డులో పేరు మార్పు, నిషేధిత జాబితా నుంచి తొలగింపు, ఈ మూడూ అయ్యేవరకు మీరు ఆ భూమికి కావలివాళ్ళు మాత్రమే.

సొంతమయ్యాక కూడా ఒక జబ్బుంది. మున్సిపల్ దుకాణాల కథ తెలియనిదెవరికి? పాట పాడినవాడు ఒకడు, లోపల వ్యాపారం చేసేవాడు ఇంకొకడు. మున్సిపాలిటీకి అందేది ఒక అద్దె, లోపలివాడు కట్టేది దానికి నాలుగైదింతలు. మూడేళ్ళకోసారి మూడోవంతు పెంపు అన్న నియమం మీద కోర్టులో స్టే. భూమి సొంతమైనంత మాత్రాన దాని విలువ మున్సిపాలిటీకి చేరదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

లీజు

దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఊరి నడిబొడ్డున నీటిపారుదల శాఖదో రోడ్లు భవనాల శాఖదో పాత ఆవరణ ఖాళీగా ఉంటుంది. ఆ శాఖ దాన్ని వదులుకోదు. అలాంటి చోట పార్కింగ్‌కో వీధి వ్యాపారుల బజారుకో లీజు అడగొచ్చు. పెట్టుబడి తక్కువ, అవసరమైతే ఎత్తుకుపోగల షెడ్లు. మార్కెట్ విలువతో ముడిపెట్టి అద్దె పెంచుతామన్న షరతుంటే ఒప్పుకోవద్దు. మీరు బజారు పెట్టి ఆ చోటుకు విలువ పెంచుతారు, ఆ పెరిగిన విలువ చూపించి మీ అద్దే పెంచుతారు.

33 ఏళ్ళ లీజు మనకు అలవాటైన గడువు. మీరు మళ్ళీ ఇంకొకరికి ఇవ్వాలనుకుంటే ఉప లీజు హక్కు, బ్యాంకుకు తాకట్టు పెట్టే హక్కు రెండూ అందులో రాసి ఉండాలి. పదమూడేళ్ళు గడిచాక మిగిలిన ఇరవై ఏళ్ళ మీద అప్పిచ్చే బ్యాంకు దొరకడం కష్టం. లీజు దారిలో పరిశ్రమ తెద్దామనుకునేవాళ్ళు మొదటి రోజే ఈ లెక్క వేసుకోవాలి.

భూమి కార్పొరేషన్‌కు, వాటా మీకు

1973లో ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ) పుట్టినప్పటి నుంచి మనకు బాగా తెలిసిన దారి ఇదే. భూమిని సంస్థ తీసుకుంటుంది, రోడ్లు వేస్తుంది, ప్లాట్లు ఇస్తుంది. పారిశ్రామిక వాడలో పంచాయతీ అధికారాలు కూడా ‘ఐలా’ (పారిశ్రామిక వాడ స్థానిక సంస్థ) పేరుతో దానికే పోతాయి. అక్కడ వసూలయ్యే ఆస్తి పన్నులో 35 శాతం స్థానిక సంస్థకు రావాలి.

చెడ్డ బేరమని నేననను. 100 ఎకరాల్లో రోడ్లు, సబ్‌స్టేషన్, మురుగు శుద్ధి కేంద్రం మున్సిపాలిటీ వల్ల అయ్యే పని కాదు. పరిశ్రమను రప్పించే పలుకుబడీ దానికి ఉండదు. కానీ రెండు సంగతులు కళ్ళముందు పెట్టుకోవాలి. మొదటిది నవీ ముంబై. మహారాష్ట్ర ప్రభుత్వ పట్టణాభివృద్ధి సంస్థ సిడ్కో 1970లో ఏర్పడింది, భూమి దాని చేతిలో ఉంది, ప్లాట్లను 60 ఏళ్ళ లీజుకిచ్చింది. ఆ నగరానికి మున్సిపల్ కార్పొరేషన్ 1992లో వచ్చింది. అప్పటికి ఊరు కట్టేశారు. ఆట స్థలానికైనా మార్కెట్‌కైనా కార్పొరేషన్ వెళ్ళి సిడ్కోను ప్లాటు అడగాలి. నగరాన్ని నడిపేది ఒకరు, నేల ఉన్నది ఇంకొకరి దగ్గర.

రెండోది మన హైదరాబాద్ కోకాపేట. 2023 ఆగస్టులో నియోపొలిస్ ప్లాట్ల వేలంలో ఎకరం అత్యధికంగా రూ.100.75 కోట్లు పలికింది. 45.33 ఎకరాలకు మొత్తం రూ.3,319.60 కోట్లు. వేలం వేసింది హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ. ఆ సొమ్ము స్థానిక మున్సిపాలిటీ ఖాతాలో పడేది కాదు. ఆ ముప్ఫై, నలభై అంతస్తుల కింద చెత్త ఎత్తాల్సింది, వీధి దీపం వెలిగించాల్సింది మాత్రం స్థానిక సంస్థే. భూమి అమ్మితే ఒకసారి వచ్చే డబ్బు పైకి పోతుంది, ఏటేటా అయ్యే ఖర్చు కింద మిగులుతుంది. ఈ దారిలో మీరు బేరమాడాల్సింది ఆ రెండిటి మధ్య తేడా గురించే. పన్ను వాటా ఏ నెలలో జమ అవుతుందో, అమ్మకపు సొమ్ములో ఎంత భాగం ఊళ్ళోకి వచ్చే రోడ్డుకు పెడతారో, ఐదు శాతమో పదో స్థలం మీ పేరున ప్రజావసరాలకు ఎక్కడ వదులుతారో ఎన్‌వోసీ ఇచ్చే తీర్మానంలోనే రాయాలి. సంతకం అయ్యాక అడిగితే వినే నాథుడుండడు.

ఒక చిన్న లెక్క

‘ఉచితంగా వస్తే చాలు’ అనేవాళ్ళ కోసం ఈ లెక్క. అంకెలు ఊహకు వేసినవి, మీ ఊరి ధరలు పెట్టి మళ్ళీ వేసుకోండి.

12 ఎకరాలంటే 58,080 గజాలు. రోడ్లు, ఖాళీ స్థలాలు పోగా 55 శాతం ప్లాట్లు మిగిలాయనుకుందాం, సుమారు 31,900 గజాలు. ఎకరం బాగుచేయడానికి రూ.30 లక్షల చొప్పున మొత్తం రూ.3.60 కోట్లు ఖర్చు. గజానికి నెలకు రూ.5 నేల అద్దె అంటే, ఒక్క ప్లాటూ ఖాళీ లేకుండా నిండినా ఏడాదికి రూ.19 లక్షలు. 9 శాతం వడ్డీకి అప్పు తెస్తే ఏడాదికి వడ్డీయే రూ.32 లక్షలు. భూమి ఉచితంగా వచ్చినా నష్టమే. ఎకరానికి రూ.40 లక్షల మార్కెట్ విలువ కూడా కట్టమంటే మరో రూ.4.80 కోట్లు నెత్తిన పడతాయి.

ఇప్పుడు అదే భూమిలో రోడ్డు వారగా 3 ఎకరాలే ముందు తీసుకోండి. ఖర్చు రూ.90 లక్షలు. ప్లాట్లు 7,986 గజాలు. లీజు ఇచ్చేటప్పుడే గజానికి రూ.1,200 ఒకేసారి ప్రీమియం కట్టించుకుంటే సుమారు రూ.96 లక్షలు వస్తాయి. పెట్టిన ఖర్చు తిరిగి వచ్చినట్టే. ఆపైన నేల అద్దె ఏడాదికి రూ.4.79 లక్షలు, కట్టిన షెడ్ల మీద ఆస్తి పన్ను వేరే. ప్రీమియం కట్టేవాళ్ళు ముందుకు రాకపోతే ఆ చోట గిరాకీ లేదని 3 ఎకరాల దగ్గరే తెలిసిపోతుంది, 12 ఎకరాలు చదును చేశాక కాదు. మిగతా 9 ఎకరాలు మీ పేరున ఉండి గడ్డి మొలిచినా ఫర్వాలేదు. కాకపోతే ఆక్రమణ కాకుండా కంచె వేసుకోవాలి, ఉత్తర్వులో ‘రెండేళ్ళలో మొత్తం వాడాలి’ అన్న షరతు ఉండకూడదు. దశలవారీగా వాడతామని ముందే రాయించుకోవడం అందుకే.

బయటి ఊళ్ళ నుంచి రెండు షరతులు

సైన్యం ఖాళీ చేసిన స్థావరాలను స్థానిక సంస్థలకు ఆర్థికాభివృద్ధి కోసం రాసిచ్చే పద్ధతి అమెరికాలో 1990లలో మొదలైంది. ఉచితంగా ఇవ్వడానికి తర్వాత ఒక షరతు పెట్టారు. ఆ భూమి అమ్మినా లీజుకిచ్చినా వచ్చే డబ్బును కనీసం ఏడేళ్ళు ఆ స్థావరం అభివృద్ధికే తిరిగి పెట్టాలి. మనకు ఇలాంటిది అవసరమా అంటే, నేను అవసరమనే అంటాను. మన దగ్గర మార్కెట్ ప్లాట్ల ప్రీమియం వచ్చిన నెలలోనే కరెంటు బకాయిలకు, కాంట్రాక్టు సిబ్బంది జీతాలకు పోతుంది. రోడ్డు వేయడానికి డబ్బుండదు, మిగతా ప్లాట్లు పోవు. ప్రత్యేక ఖాతా తెరిచి ఆ సొమ్మును అందులోనే ఉంచుతామని మీరే ముందుకొచ్చి రాసిస్తే, ఉచితంగా ఇవ్వడానికి పైవాళ్ళకు ఒక కారణం దొరుకుతుంది.

జర్మనీలో హాంబర్గ్ నగరం పాత రేవు భూముల్లో 157 హెక్టార్ల హాఫెన్‌సిటీ కడుతోంది. అక్కడ ప్లాటుకు ఎంపికైనవాడికి వెంటనే రాసివ్వరు. కొంత గడువిస్తారు. ఆ గడువులో నక్షా గీయించుకుని, కట్టడానికి అనుమతి తెచ్చుకోవాలి. అది వచ్చాకే అమ్మకం ముగుస్తుంది. రాకపోతే ప్లాటు నగరానిదే. మన పారిశ్రామిక వాడల్లో గోడ కట్టి గేటుకు తాళం వేసి, ధర పెరిగేదాకా కూర్చునే ప్లాట్లు ఎన్ని లేవు? వాటిని రద్దు చేయబోతే కోర్టుకెళతారు. హక్కు చేతికివ్వకముందే ఆ పరీక్ష పెట్టడం తేలిక.

పాట వేయాలా, అర్హత చూసి ఇవ్వాలా అన్న తగవు కూడా ఎప్పుడూ ఉండేదే. భోపాల్‌లో ఒక ట్రస్టుకు ఎవరినీ పిలవకుండా ఇచ్చిన భూమిని సుప్రీంకోర్టు 2011లో రద్దు చేసింది. 2012 సెప్టెంబరులో రాష్ట్రపతి అడిగిన సలహాకు జవాబిస్తూ, అన్ని వనరులకూ వేలమే దారి కానక్కర్లేదని కూడా చెప్పింది. రెండూ కలిపి చదివితే, పత్రికా ప్రకటన ఇచ్చి, ఏ కొలతతో ఎంపిక చేస్తారో ముందే చెప్పి చేసేది నిలుస్తుంది. చెవిలో చెప్పుకుని ఇచ్చేది నిలవదు. దుకాణాలకు పాట పెట్టండి. శీతల గిడ్డంగికి, చిన్న యూనిట్లకు పాట పెడితే ఎక్కువ పాడినవాడు గోదాము పెడతాడు, పని మాత్రం ఇద్దరు వాచ్‌మన్లకే దొరుకుతుంది.

నన్నడిగితే ఎవరికేది

చిన్న పంచాయతీ అయితే 58వ సెక్షన్ పోరంబోకు, దాని మీద సంత. పక్కా భవనం కావాలంటే ఎకరమో రెండెకరాలో ఎలియనేషన్, అంతకు మించి వద్దు. జాతీయ రహదారి పక్కన ఉన్న మున్సిపాలిటీకి 5 నుంచి 20 ఎకరాల మధ్య భూమి దొరికే వీలుంటే ఎలియనేషనే అడగాలి. లీజుకు ఒప్పుకోవద్దు. పన్ను వాటాతో సరిపెట్టుకోవద్దు. దశలవారీగా వాడుకునే హక్కు, లీజుకిచ్చే హక్కు ఉత్తర్వులో ఉండాలి. 50 ఎకరాలు దాటిందంటే మాత్రం పేరు మీద మోజు వదిలి కార్పొరేషన్‌కే వెళ్ళనివ్వండి, వాటా రాయించుకోండి. ఈ మధ్యలో, 20కీ 50కీ నడుమ, మీ దగ్గర ఇంజనీర్లు ఎంతమందున్నారు, గత మూడేళ్ళలో ఆస్తి పన్ను ఎంత శాతం వసూలు చేశారు అన్నదాన్ని బట్టి. దుకాణం అద్దే వసూలు చేసుకోలేని మున్సిపాలిటీ పారిశ్రామిక వాడ నడుపుతానంటే నేను నమ్మను.

వచ్చే సమావేశానికి ఆ బైపాస్ భూమి తీర్మానం తిరగరాసేవాళ్ళు ఇలా మొదలుపెట్టొచ్చు:

‘సదరు 12 ఎకరాల అనాధీనం భూమిని రైతుబజారు, శీతల గిడ్డంగి, లారీల నిలుపుదల, చిన్నతరహా యూనిట్లు మరియు వాటి అనుబంధ దుకాణముల నిమిత్తం, దశలవారీగా వినియోగించుకొనుటకు, నిర్ణీత కాలమునకు లీజుకిచ్చు హక్కుతో సహా, మున్సిపాలిటీకి ఉచితముగా ఎలియనేట్ చేయవలసిందిగాను, వచ్చు ఆదాయమును ఏడు సంవత్సరముల పాటు ప్రత్యేక ఖాతాలో జమచేసి సదరు స్థలం అభివృద్ధికే వెచ్చించగలమని హామీ ఇచ్చుచు, తుది ఉత్తర్వుతో పాటు రెవెన్యూ రికార్డులలో పేరు మార్పు మరియు 22-ఎ జాబితా నుండి తొలగింపునకు కూడా ఆదేశించవలసిందిగాను కోరడమైనది. సాగులో ఉన్న వారి వివరములు ఇందుతో జతపరచడమైనది.’